శాసనంలో ఆఖరి నాలుగు వరుసలు

తాయప్పను పట్టుబట్టి ముందు వరుసలో కూర్చోబెట్టింది కేశవమూర్తే.

బళ్లారి పాత దస్తావేజుల ఆఫీసులో ప్రతి నెలా ఆఖరి ఆదివారం సాయంత్రం ఊరి చరిత్ర మీద ఉపన్యాసం ఉండేది. జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి ఐదేళ్లు. కేశవమూర్తి ఆ ఆఫీసులో పాత లిపులు చదివే ఉద్యోగి. ఇరవయ్యేళ్లుగా అదే పని. ఆఫీసులో కన్నడం రాసి, ఇంట్లో తెలుగు మాట్లాడి, ఉపన్యాసంలో రెండూ కలిపేసేవాడు. అందుకే ఆయన మాట్లాడే రోజు నాలుగు కుర్చీలు ఎక్కువ వెయ్యాల్సి వచ్చేది.

ఆ నెల చెప్పబోయేది తాయప్ప చేనులో దొరికిన శాసనం గురించి. మోక ఊరి అవతల, హగరి ఏటి ఒడ్డున నాలుగెకరాల నల్లరేగడి అతనిది. గట్టు మీద సగం పూడిన రాయి ఉండేది. ఎండాకాలంలో కేశవమూర్తి రెండు రోజులు అక్కడే ఉండి, రాయి కడిగి, కాగితం మీద సిరాతో అచ్చు తీసుకున్నాడు. తాయప్ప బావి నుంచి నీళ్లు మోశాడు. అతని భార్య సుంకలమ్మ జొన్నరొట్టె, మజ్జిగ తెచ్చి పెట్టింది.

"మా సేన్లో రాయికి ఇంత కత ఉండాదా సామీ!" అని తాయప్ప మురిసిపోయాడు. ఉపన్యాసానికి ఉతికిన పంచె కట్టుకుని, తలగుడ్డ చుట్టుకుని బస్సులో వచ్చాడు.

నాలుగు వందల యాభై ఏళ్ల కింద ఒక నాయకుడు ఆ చేనును గుడి దీపానికి దానమిచ్చాడని కేశవమూర్తి చెప్పాడు. చివరి నాలుగు వరుసలను రాగం తీసి చదివి, అర్థం విప్పాడు. ఈ భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడు, వాడి కడుపున పుట్టిన బిడ్డలు నిలవరు. ఆ మాట దగ్గర జనం ఎప్పుడూ నవ్వుతారు. ఆ రోజూ నవ్వారు. రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన చప్పట్లు కొట్టాడు.

తాయప్ప నవ్వలేదు. అందరూ టీకి లేచినప్పుడు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆ బిడ్డల మాట రాయిలో ఉండాదా సామీ?"

"ఉందప్పా. అయినా అది ప్రతి రాయిలోనూ..."

ఇంతలో ఎవరో చెయ్యి పట్టుకుని అవతలికి లాక్కుపోయారు. తిరిగి చూసేసరికి తాయప్ప లేడు.

మూడు వారాలకు సుంకలమ్మ ఆఫీసుకు వచ్చింది. గుమ్మం దాటకుండా అక్కడే కూలబడింది.

"వాన పడినాది సామీ. ఊరంతా ఇత్తనం ఏస్తాండారు. మా ఆయప్ప దున్నే మడక ముట్టడు. మాకు ముగ్గురు బిడ్డలు పోయినారు. ఒకటి పురిట్లోనే, ఇద్దరు జరమొచ్చి. దేవుని సేను తిన్నందుకే పోయినారంటాడు. ఉండే ఒక్క పాపనూ మా యమ్మకాడికి తోలినాడు, ఈ సేని గింజ తినకూడదని."

ముగ్గురు బిడ్డల సంగతి కేశవమూర్తికి తెలియదు. వాళ్లింట్లో రెండు రోజులు తిని, ఆ మాటే అడగలేదు.

మర్నాడే బస్సెక్కాడు. తాయప్ప అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. కేశవమూర్తి చెప్పగలిగినదంతా చెప్పాడు. దస్తావేజు మీద ముద్ర ఉన్నట్టే ప్రతి శాసనానికీ ఆ శాపం ఉంటుందన్నాడు. రాయి వేరే చోటి నుంచి వచ్చి ఉండవచ్చన్నాడు. నీ పట్టా నీ దగ్గరుంది కదా అన్నాడు.

"మా తాత కొన్న్యాడు. ఆయప్పకు అమ్మినోనికి యాడిది సామీ?"

"పిల్లలు పోయింది జ్వరంతో గదప్పా."

"జరం ఎవరు పంపినారు?"

కేశవమూర్తి బస్సు కోసం నడుస్తుంటే సుంకలమ్మ వెనకే వచ్చింది.

"తప్పు సదివినానని సెప్పు సామీ. నీ కాళ్లు మొక్కుతా. నువ్వు సెప్తే ఇంటాడు."

ఇరవయ్యేళ్లలో తెలిసి తెలిసి ఒక్క అక్షరం తప్పు చదవని మనిషి ఆయన. వారమంతా ఆ అచ్చు కాగితం తీసి చూస్తూనే ఉన్నాడు. మళ్లీ ఆదివారం రాగానే వెళ్లాడు. తాయప్పను రాయి దగ్గరికి తీసుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, వేలు పెట్టి చూపిస్తూ లేని మాటలు చదివాడు.

"ఇక్కడ ఒక అక్షరం అరిగిపోయి నేను పొరబడ్డాను. శాపం కాదప్పా, దీవెన. ఈ భూమి దున్నుకునేవాడు పిల్లా పాపలతో చల్లగా ఉంటాడని రాసిపెట్టినారు."

తాయప్ప చివరిదాకా విన్నాడు. రాయి మీద మట్టి తుడిచాడు.

"ఆ పొద్దు సదివినప్పుడు నీ గొంతు ఇట్ల లేదు సామీ. ఆ పొద్దు గట్టిగా ఉండె." చేతి మట్టి పంచెకు తుడుచుకున్నాడు. "సుంకలమ్మ పంపినాదా నిన్ను?"

కేశవమూర్తి తల ఎత్తలేకపోయాడు.

"నా మింద అయ్యో అనుకుని అబద్దాలు సెప్తాండావు. కోపం లేదులే సామీ. ఎండగా ఉండాది, ఇంటికి పోదాం రా."

శ్రావణం వెళ్లేలోపే తాయప్ప నాలుగెకరాలూ శాసనంలోని గుడికే రాసిచ్చాడు. రిజిస్ట్రారాఫీసుకు బళ్లారి వచ్చిన రోజు తిన్నగా కేశవమూర్తి దగ్గరికే వచ్చాడు. సాక్షి సంతకం ఆయనే పెట్టాలట, రాయి చదివింది ఆయనే గనుక. వద్దని కేశవమూర్తి చేతులు జోడించాడు. "నువ్వు పెట్టకుంటే ఇంకొకరు పెడతారు. నువ్వయితే నాకు తృప్తి," అన్నాడు తాయప్ప.

ఆయన సంతకం పెట్టాడు. పక్కన తాయప్ప వేలిముద్ర వేసి, చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

బయట మట్టిపనికి కూలీలను ఎక్కించుకుంటున్న లారీ ఆగి ఉంది. తుంగభద్ర కాలువ తవ్వకానికి. సుంకలమ్మ అప్పటికే మూటతో ఎక్కి కూర్చుంది. కేశవమూర్తి లారీ పక్కకు వెళ్లి, "సుంకలమ్మా," అని పిలిచాడు. ఆమె వినిపించనట్టు ముందుకు చూస్తూ ఉండిపోయింది.

తాయప్ప మాత్రం ఆమె పక్కన ఎక్కి కూర్చుని, చెయ్యి ఎత్తి, "వస్తా సామీ," అన్నాడు. లారీ కదిలింది. నాలుగు లిపులు చదవగలిగిన కేశవమూర్తి, లారీ మలుపు తిరిగేదాకా ఆ ఎండలో నిలబడే ఉన్నాడు.