గేరుబాక్సు విప్పిన మధ్యాహ్నం

రోజూలాగే పొద్దున్నే జీపు మొరాయించింది. రోజూలాగే ఆయన దిగి, బానెట్ మీద ఒక దెబ్బ వేసి మళ్ళీ ఎక్కాడు. కాకపోతే ఇవాళ వెనక సీట్లో క్వారీ కూలీలు లేరు. ఆయన భార్య ఉంది, ఒళ్ళో బట్టల సంచితో. అక్కగారింటికి వెళ్ళిపోతోంది. ఇక తిరిగి రానని ముందురోజే చెప్పేసింది. "ఊఁ" అన్నాడాయన.

పెళ్ళయిన కొత్తలోనూ ఇంతే. కొట్టడు, తిట్టడు, తాగడు. గోడతో మాట్లాడితే ప్రతిధ్వనైనా వస్తుంది, ఈయన దగ్గర అదీ లేదు.

బస్టాండు ఇంకా దూరముందనగా గేరుబాక్సు చేతులెత్తేసింది. తోసుకుంటూ షెడ్డుకి తెచ్చారు.

"దీనికి నూరేళ్ళూ నిండాయి వదినా," అన్నాడు మెకానిక్ జీపు కిందనుంచి. "లోపల పళ్ళన్నీ రాలిపోయాయి, మా తాతకి మల్లే. మార్చాల్సిందే. తుక్కుబండిది ఒకటుంది. కిరసనాయిలుతో కడిగే పెట్టాను, పాతవాడి మాట ఒక్కటీ లేదందులో."

పాత బండి గేరుబాక్సు విప్పితే ఆయిలుతో పాటు, నడిపినవాడు మింగేసిన మాటలూ కారతాయి. అందరికీ తెలిసిందే. అందుకే మెకానిక్ ముందు రేడియో పెద్దగా పెట్టి, ఆ తర్వాతే బోల్టు విప్పుతాడు. ఒకరి గుండెలోది ఇంకొకరు వినడం మర్యాద కాదుగా.

"రేడియో పెంచు," అన్నాడాయన, ఎటో చూస్తూ.

"నా చేతుల నిండా జిడ్డు. వదినా, కాస్త ఆ మీట తిప్పుదూ."

ఆమె నడుం పట్టుకుని లేచింది. మీట తిప్పింది. పెంచలేదు, కట్టేసింది.

రేకు డబ్బాలోకి నల్లటి ఆయిలు జారింది. దాని వెనకే, సన్నగా, ఆయన గొంతు.

"ఈ మలుపులో గాలి ఎంత బాగుందో. తనుంటేనా..."

"కూర బాగుందని చెప్పాల్సింది."

"పాపం, జ్వరంతోనే క్యారేజీ కట్టింది. ఇంటికెళ్ళగానే ఎలా ఉందో అడగాలి."

"ఎక్కలేకపోతున్నాను ఈ కొండ. ఎవరితో అనను?"

మెకానిక్ ఏమీ విననట్టు స్పానరుతో దేన్నో ఠంగుఠంగున కొట్టసాగాడు. ఆయన టైరు మీది మట్టి గోళ్ళతో గీకుతూ కూర్చున్నాడు. డబ్బా నిండినా మాటలు ఆగలేదు. ఇంకొకటి పెట్టాల్సొచ్చింది.

ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ తన వాటా మాటలన్నీ తీసుకెళ్ళి ఈ ఇనుముకి ధారపోశాడా!

మార్చిన గేరుబాక్సు బిగించేసరికి ఎండ దిగింది.

"ఓసారి నడిపి చూసుకో అన్నా. సాయంత్రం బస్సింకా ఉంది వదినా," అన్నాడు మెకానిక్.

"నువ్వు నీ నట్లు చూసుకోవయ్యా," అని ఆమె ముందు సీట్లో కూర్చుంది.

ఆయన క్లచ్ తొక్కాడు. గొంతులో ఏదో కదిలింది. అలవాటు కొద్దీ దాన్ని మింగేసి గేరు వేశాడు. కర్రుమంది. లోపలికి పడలేదు. మళ్ళీ వేశాడు. మళ్ళీ కర్రుమంది.

ఆమె రోడ్డుకేసే చూస్తోంది.

"అలిసిపోయానే," అన్నాడు.

గేరు మెత్తగా పడింది.

"నేనూనూ," అంది ఆమె. "పోనివ్వండి, ఇంటికి."