పిడికిలి కొలత

మా పేటలో సగం కిటికీలకు గ్రిల్స్ మా ఆయన చేసినవే. ఊచల మధ్య దూరానికి ఆయన టేపు వాడరు, పిడికిలి పెట్టి చూస్తారు. పిడికిలి దూరకపోతే దొంగ కూడా దూరడని ఆయన లెక్క. ఇరవై ఏళ్లుగా అది తప్పలేదు.

అందుకే పెరట్లో ముంగిస రెండు పెట్టల్ని ఎత్తుకుపోయాక గట్టి బోను చేసిపెట్టమని నేను ఆయన ప్రాణం తోడేశాను. మిగిలింది మచ్చల పెట్ట ఒక్కటే. తొమ్మిది గుడ్ల మీద పొదుగుతోంది. పిల్లగా ఉన్నప్పుడు దాని కాలు విరిగితే పుల్ల కట్టి బతికించుకున్నాను. అదీ పోతే తట్టుకోవడం నావల్ల కాదు.

రెండు రోజుల్లో బోను తయారైంది. ఇనుప ఊచలు, ఆకుపచ్చ రంగు, తలుపుకి తాళం.

"మా బీరువాకి కూడా ఇంత దిట్టమైన తలుపు లేదమ్మా" అంది పక్కింటి టైలరమ్మ. ఆయన మురిసిపోయారు.

నాకు సందులు పెద్దవిగా అనిపించాయి. "తీగల జాలీ కొట్టండి" అన్నాను.

"నా పిడికిలే పట్టట్లేదు, ఇంకేం దూరుతుంది?"

"దొంగకి పిడికిలుంటుంది. ముంగిసకి ఎక్కడిదండీ?"

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాకేమో ముక్కు మీదే కోపం. "మీ ఇష్టం" అని విసురుగా లోపలికి వచ్చేశాను. ఇంకాస్త పోట్లాడాల్సింది.

మూడో రోజు పొద్దున పాలు కాస్తుంటే పెరట్లో కోడి అరుపులు. పరిగెత్తాను. ముంగిస బోనులో ఉంది. పెట్ట రెక్కలు కొట్టుకుంటూ ఊచలకు గుద్దుకుంటోంది. బయటే ఉంటే ఎగిరి గోడెక్కేది. "తాళంచెవి!" అని అరిచాను. ఆయన జేబులన్నీ వెతికి తెచ్చేసరికి అంతా అయిపోయింది. ముంగిస దూరిన సందులోంచే వెళ్లిపోయింది.

"మీ బోను ముంగిసని ఆపలేదు, నా కోడిని పారిపోకుండా ఆపింది" అన్నాను ఏడుస్తూ.

గడ్డిలో నాలుగు గుడ్లు పగలకుండా మిగిలాయి. ఇంకా వెచ్చగా ఉన్నాయి. పిల్లలవడానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఆయనే ఒక డబ్బాలో పాత తువ్వాలు పరిచి, బల్బు బిగించి, గుడ్లు పెట్టారు. పని మానేసి దాని పక్కనే కూర్చున్నారు. వేడి ఎక్కువైతే మూత తీయడం, తగ్గితే మూయడం. చివరికి రెండు పిల్లలు బయటికొచ్చాయి.

తర్వాత బోను చుట్టూ, అడుగునా సన్న జాలీ కొట్టారు. ఈసారి చిటికెన వేలు పెట్టి చూసి, "చాలా?" అని నన్ను అడిగారు. తాళం పీకేసి గడియ బిగించారు.

నా కోపం ఇంకా పోలేదు. కానీ ఆ పిల్లలు రెండూ తల్లిని ఎరగవు. సాయంత్రం ఆయన చెప్పుల చప్పుడు వినగానే కీచుకీచుమంటూ వచ్చి ఆయన కాళ్ల మధ్య చేరతాయి. ఎక్కడ తొక్కేస్తానోనని ఆయన కదలకుండా నిలబడిపోతారు. అలా చూసినప్పుడు తిట్టడానికి నాకు నోరు రాదు.