మీసాల తాత పెదవులు

వైశాఖమాసపుటెండ భాగ్యనగరముపై నిప్పులు చెరుగుచుండ తురాయిచెట్లు నిలువెల్ల నెఱ్ఱబాఱి వీథుల కిరువైపుల నిలిచియుండ కరగిన తారు చెప్పుల నంటి యీడ్చుచుండ బడులకు సెలవు లిచ్చుటచే బాలబాలిక లెల్ల తెఱలు దించిన గదులలో టీవీల ముందు మూగియున్న యా మధ్యాహ్నవేళ కృష్ణానగరపు టిరుకుసందులోని యొక రెండవయంతస్తున మాత్రము ఋతువన్నది లేకుండెను. గోడలకు మెత్తలు తాపిన యా చల్లనిగదిలో చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని మైకు ముందు నిలిచి యదుగిరి యను డబ్బింగు కళాకారుడు జర్మనుదేశపు ముసలివాని నోటికి తెలుగుమాట లమర్చుచుండెను.

ఆ ముసలివాడు పిల్లలకై తీసిన యొక జర్మను హాస్యధారావాహికలోని బడి కావలివాడు. అడవియంచున నొక చిన్నబడి. అందు బల్లసొరుగులలో ముళ్లపందుల దాచు విద్యార్థులును తలపై కట్టుడుజుట్టు నిలుపుకొనజాలని ప్రధానోపాధ్యాయుడును వారందఱి వెనుక తాళపుచెవుల గుత్తి గలగలలాడ పరుగిడు గుబురుమీసముల కావలియును గలరు. తెలుగున నాతనికి మీసాల తాత యని పేరిడిరి. ఆ వేషము గట్టిన నటుడు మాటకన్న ముఖముతో నెక్కువ నవ్వించు ఘనుడగుటచే మాట ముగిసిన పిదపను మీసములక్రింద నాతని పెదవులు కొంతసేపు మెదలుచునే యుండెడివి. తెలుగువాక్య మెంత సాగదీసినను ముందుగనే ముగిసిపోవ పెదవులు మాత్రము మిగిలెడివి. పెదవి యాడుచుండగా మాట లేకుండుట డబ్బింగువారికి తలవంపుల పని.

మొదటినాడే శబ్దలేఖకుడు సాల్మను గాజుపలక యావలినుండి హెచ్చరించెను.

"గ్యాపొస్తున్నది సార్. ఏమన్న ఏసి నింపుండ్రి."

యదుగిరి క్షణకాల మాలోచించెను. అంతట నాతని నోటినుండి "తా... తా... తాళాలు ఎవర్రా తీసింది" యను వాక్యము వెడలెను. మిగిలిన పెదవుల కన్నిటికిని మాట సరిపోయెను. సాల్మను కడుపు పట్టుకొని నవ్వెను. నిర్మాత పరుగున వచ్చి విని ముసలివానికి నత్తియే ఖాయమని శాసించెను. పలువు రాతని వీపు తట్టిరి. ఆ నత్తి యెక్కడిదని యెవ్వరు నడుగలేదు. అడిగియుండినను యదుగిరి చెప్పియుండడు. మొదటి యక్షరముకడ రెండుమార్లు తట్టుకొని గడ్డము కొంచె మెత్తి పిమ్మట మాటనంతయు నొక్కపెట్టున విడుచు నా తీరు తొమ్మిదేండ్ల యాతని కూతురు కోమలిది.

క్షణములు కొలుచు వృత్తియగుటచే యదుగిరికి వాక్యములు త్వరగ ముగియవలెనను తహతహ యింటను వీడకుండెను. కూతురు "నా... నాన్నా, రే... రేపు" అని మొదలిడగనే "రేపు ఈతకు పోదామంటావు, అంతేగా" యని తానే ముగించి ముద్దుపెట్టుకొనెడివాడు. వైద్యులకు జూపెను. నాలుకపై వస నూరి రాచెను. తనకన్న మమకారముగల తండ్రి లేడనియే నమ్మియుండెను. రెండేండ్ల క్రిందట భార్య రంగనాయకి వడ్డించుచు "ఏవండీ, కోమలి మీతోనే..." అని యెత్తుకొనగా "నాతోనే చనువు ఎక్కువ, తెలుసులే" యని యా వాక్యమునుగూడ తానే పూరించి చేయి కడుగుకొని లేచిపోయెను. ఆమె మఱల నా మాట యెత్తలేదు.

ధారావాహిక ప్రసారమయ్యెను. మీసాల తాత ఊరూర పిల్లల నోట నానెను. ఒకనాటి మధ్యాహ్నము పని త్వరగ ముగియుటచే యదుగిరి యిల్లు చేరునప్పటికి ముందుగది యంతయు అపార్టుమెంటు పిల్లలతో నిండియుండెను. తెఱపై ముసలివాడు గడ్డ మెత్తి "ము... ము... ముళ్లపంది" యనుచుండ పిల్లలు పొర్లి పొర్లి నవ్వుచుండిరి. వారిలో కోమలియు నవ్వుచుండెను. అంతలో నామె నవ్వు ఠక్కున నిలిచెను. తెఱవంకనుండి మెల్లగ ముఖము త్రిప్పి గుమ్మమున నున్న తండ్రిని జూచెను.

ఆ చూపున కోపము లేదు. గుర్తుపట్టుట మాత్రమే కలదు. పట్టపగలు నలుగురిలో నిలువున వలువ లూడినవానివలె నాత డచట నిలువలేకపోయెను. మఱుక్షణమున కోమలి తెఱవైపు తిరిగి యందఱికన్న బిగ్గరగా నవ్వెను. తండ్రి గుట్టు బయటపడకుండుటకే యా పసిది నవ్వినదని యెఱిగి యదుగిరి సిగ్గుతో కుంచించుకుపోయెను.

ఆనాటినుండి కోమలి తండ్రితో తలయూపుటయే గాని నోరు విప్పదయ్యెను. పదిదినములు గడచెను. వంటయింట రంగనాయకి వెనుదిరుగకయే పలికెను.

"దానికి తెలిసిపోయిందండీ. నాకైతే మొదటిరోజే తెలిసింది. మీరే ఆపేస్తారేమోనని చూశాను."

మఱునాడు యదుగిరి నిర్మాతకడకు బోయి భాగములన్నియు మఱల చెప్పెదనని చేతులు పట్టుకొని బతిమాలెను. ప్రసారమైపోయినవాని నెట్లు మార్తుమనియు పిల్లలు చూచుచున్నదే యా నత్తికొఱకనియు చెప్పి నిర్మాత నవ్వి పంపెను. ఇక చెప్పవలసినది కడపటిభాగ మొక్కటే మిగిలెను.

ఆ భాగము చెప్పవలసిన నాటి యుదయమున కోమలి బాల్కనీలో గూర్చుండి తాటిముంజలు వేలితో గ్రుచ్చి తినుచుండెను. యదుగిరి వచ్చి యామె ప్రక్క నేలపై గూలబడెను.

"అమ్మా కోమలీ, నీ మాట దొంగిలించి నలుగురినీ నవ్వించాను. చాలా తప్పు చేశాను తల్లీ."

కోమలి ముంజ ప్రక్కన బెట్టెను. గడ్డ మెత్తెను. "నా... నా..." అని యాగెను. తండ్రి పెదవులు చిరకాలాభ్యాసమువలన నా మాట నందుకొనుటకై కదలెను. ఆతడు వానిని పండ్లతో నొక్కిపట్టెను. ఎదుటి మేడపై నెవరో ఆరవేసిన బట్టలన్నియు దీసికొని లోపలికి బోవునంతసేపు గడచెను.

"నాన్నా, నువ్వు స... సరిగ్గా చెయ్యలేదు. మీసాల తాత అ... అందరితోనూ అట్లాగే మాట్లాడతాడు. నే... నేను నీతోనే."

రెండేండ్ల క్రిందట భార్య నోట సగమున దునిగిన వాక్య మిప్పటికి పూర్తియయ్యెను. తాను వైద్యులకు జూపిన జబ్బు తన తొందరయే. తానే కలిగించిన తడబాటును తానే యెత్తుకొనిపోయి లోకమునకు నవ్వులాట చేసెను. ఇన్నాళ్లును గొంతులతో బ్రతికిన యా మనుష్యునికి తన బిడ్డ గొంతు తాను లేనిచోట నెట్లుండునో తెలియదు! యదుగిరి ముఖము రెండుచేతుల గప్పుకొని యేడ్చెను. కోమలి జిగురంటిన వేళ్లతో నాతని చెవి నిమిరి మిగిలిన ముంజ నొకటి యాతని యొడిలో బెట్టెను.

ఆ సాయంత్రము తెఱపై మీసాల తాత కొలువు చాలించి తాళపుచెవుల గుత్తి పిల్లల కప్పగించుచుండెను. "జాగ్రత్తర్రా, ఇక ఈ బడి మీదే" యని యదుగిరి తడబాటొక్కటియు లేక పలికి యూరకుండెను. ముసలివాని పెదవు లింకను మెదలుచుండెను.

"సార్, గ్యాపు మిగిలింది."

"ఉండనీ సాల్మనూ. ఆయన చెప్పడం ఇంకా అయిపోలేదు."

సాల్మను తెల్లబోయి చూచెను. అయినను గ్యాపు నట్లే యుంచెను.

ఆ భాగము ప్రసారమైన నాడు ముందుగదిలోని పిల్లలందఱు నొక్కసారిగ గోల చేసిరి. టీవీ పాడైనదని యొకడు, సౌండు పోయినదని యొకతె. ముసలివాని పెదవులు మీసములక్రింద నిశ్శబ్దముగ కదలుచుండెను. కోమలి యా పెదవులనే రెప్పవాల్చక చూచుచు ప్రక్కనున్న తండ్రివైపు తిరిగెను. గడ్డము కొంచె మెత్తెను.

"సౌండు పో... పో..."

యదుగిరి తల వంచుకొని నోరు మూసికొని తక్కిన మాటకై వేచియుండెను.