చివరి పేజీ చదవని సల్కిన్ అపా

కరకోల్ ఊరి గ్రంథాలయంలో హత్యల నవలలుండే గది చూసుకునేది బురుల్. పొద్దున్నే వచ్చి పొయ్యి రాజేసి, టీకి నీళ్ళు పెట్టి, కిటికీల నీలం తలుపులు తీసేసరికి పాఠకులు గుమ్మంలో ఉంటారు. ఏ నవల బాగుంటుందని అడిగితే బురుల్ వెంటనే చెప్పదు. ముందు వాళ్ళింటి సంగతులు ఆరా తీస్తుంది.

"కొత్త తివాచీ పరిచారా? అయితే నీళ్ళలో పడి పోయినవాళ్ళ పుస్తకాలు వద్దు, తడి ఓ పట్టాన ఆరదు."

"మీ ఆయనకి నోరెక్కువ కదూ? జడ్జిగారిని చంపిన పుస్తకం తీసుకెళ్ళు. ఆయన ఎదురుగా కూర్చుంటే మీ ఆయనకి మాట పెగలదు."

అడక్క తప్పదు మరి. ఆ ఊళ్ళో హత్య నవల ఇంటికి తీసుకెళ్తే, అందులో హత్యకి గురైన మనిషి కూడా వెంట వెళ్ళి, పుస్తకం పూర్తయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉంటారు. తమని ఎవరు చంపారో పాపం వాళ్ళకీ తెలియదు. తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. చివరి పేజీ పైకి చదివి వినిపిస్తే విని, ఒక రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకుని, భోజనం ముగిసిందని దణ్ణం పెట్టినట్టు రెండు చేతులతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోతారు. మహా అయితే మూడు నాలుగు రోజుల ముచ్చట. ఇల్లన్నాక చుట్టాలు రాకుండా ఉంటారా?

మంచు కరిగి వీధులన్నీ బురదబురదగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఊరంతా అపా అని, అంటే అమ్మా అని, పిలిచే ముసలావిడ సల్కిన్ కోడలు చినారా వచ్చింది. తలగుడ్డ ఒక పక్కకి జారిపోయి ఉంది. సర్దుకునే ఓపిక కూడా లేనట్టుంది. వస్తూనే బురుల్‌ని ఎజె, అంటే అక్కా, అని పిలిచింది.

"ఎజె, మీ పుస్తకాల చుట్టాలు మా ఇంట్లో దిగి శీతాకాలమంతా అయిపోయింది. పదిమందికి పైనే ఉన్నారు. మా అత్తగారు ఒక్క పుస్తకమూ పూర్తి చెయ్యరు. ఆఖరి అధ్యాయం దాకా వచ్చి మూసేసి, ఇంకోటి తెప్పించుకుంటారు."

బురుల్ తెల్లబోయింది. పుస్తకాలు తిరిగి రావట్లేదని ఆమెకి తెలుసు. పెద్దావిడ, నిదానంగా చదువుకుంటోంది కాబోలు అనుకుంది.

"అతిథులుండగా కోడలు గడప దాటకూడదాయె, ఇవాళ పుస్తకం వంకతో వచ్చాను. లేచింది మొదలు టీ పొయ్యడమే నా పని. కప్పులో సగమే పొయ్యాలి, నిండా పోస్తే ఇక లేవండని చెప్పినట్టు. మొన్న విసుగొచ్చి వాళ్ళలో నోటరీగారికి నిండా పోసేశాను. ఆయన మర్యాదస్తుడు, వెంటనే లేచి టోపీ పెట్టుకున్నాడు. మా అత్తగారు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, ఆయన ముందే నన్ను చడామడా తిట్టింది."

బురుల్‌కి నవ్వొచ్చింది గానీ చినారా ముఖం చూసి మింగేసింది.

"బజారు పక్కన రొట్టెల బట్టీలో పని ఇస్తామన్నారు ఎజె. చలి మొదలైనప్పటి నుంచీ నా కోసం ఆగారు. ఈ సోమవారం కూడా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారట. ఇది కూడా పోతే ఆ ఇంట్లో నేను ఉండలేను. మొదలుపెడితే ఆపడం చేతకాని పుస్తకం ఒకటివ్వండి. ఒకటి పూర్తిచేస్తే మిగతావి కూడా చేస్తారేమో."

బురుల్‌కి పౌరుషం వచ్చింది. లైట్‌హౌస్ కాపలాదారు హత్య కథ తీసిచ్చింది. ఆ పుస్తకం పట్టుకుని ఒక పంతులమ్మ పొయ్యి మీద మాంసం బొగ్గు చేసింది. కరెంటాఫీసు గుమాస్తా అది పూర్తయ్యేదాకా ఉద్యోగానికే వెళ్ళలేదు. అలాంటిది, రెండో రోజుకల్లా చినారా మళ్ళీ ప్రత్యక్షం.

"లైట్‌హౌసాయన కూడా వచ్చి కూర్చున్నాడు ఎజె. మనిషి మంచివాడే. జామ్ మాత్రం సీసాలకి సీసాలు ఖాళీ చేస్తున్నాడు."

ఇక బురుల్‌కి కాలు నిలవలేదు. ఆఖరి అధ్యాయం ముందు పుస్తకం మూసెయ్యగలిగిన మనిషి ఎలాంటి మనిషై ఉంటుంది? "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని కవిత్వం గది చూసే ఆవిడ దెప్పినా వినకుండా, శుక్రవారం సాయంత్రం సల్కిన్ అపా ఇంటికి వెళ్ళింది.

గదిలో నేల మీద పొడుగ్గా గుడ్డ పరిచి రొట్టెలూ మీగడా పెట్టి ఉన్నాయి. చుట్టూ తను ఒక్కొక్కరినీ ఏరి పంపిన మనుషులే. కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నారు. విషం తాగి పోయిన పాటల పిల్ల మాత్రం ప్రతి కప్పునీ ఒకసారి వాసన చూసి తాగుతోంది. చినారా గుమ్మం దగ్గర టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన నిలబడి ఉంది.

బురుల్ పెద్దావిడ పక్కకి జరిగి మెల్లగా అడిగింది.

"అపా, ఎవరు చంపారో తెలుసుకోవాలని మీకు అనిపించదా?"

"తెలియకపోవడమేమిటే, సగంలోనే తెలిసిపోతుంది," సల్కిన్ అపా గొంతు తగ్గించింది. "నోటరీని చంపింది సొంత తమ్ముడు. ఆ పాటల పిల్లని చంపింది పెంచిన తల్లి. ఈ లైట్‌హౌసతన్ని కలిసి పెరిగిన స్నేహితుడే తోసేశాడు. నువ్విచ్చే ఏ పుస్తకం చూసినా అయినవాళ్ళే చంపుతారు. నా ఇంట్లో రొట్టె తింటున్న మనిషికి ఆ మాట ఏ నోటితో చెప్పను? చావుకబురు చెప్పాలన్నా మనవాళ్ళు పెద్దవాళ్ళని పిలిపించి, ముందు కడుపు నింపి, ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో తెచ్చి చెబుతారు. ఇది చావుకబురు కన్నా చేదు కదే."

మర్నాడు పొద్దున్నే బురుల్ గ్రంథాలయానికి వెళ్ళి, ముక్కూ మొహం తెలియనివాడు హత్య చేసిన నవల కోసం గదంతా గాలించింది. ఒక్కటీ దొరకలేదు. దారినపోయేవాడు చంపేసి పోతే ఇక అందులో నవలేముంటుంది? అడుగు అరలో మాత్రం మిల్లు యజమాని భార్య హత్య కథ చేతికి తగిలింది. తన ఇంట్లో, తన భోజనాల బల్ల దగ్గరే ప్రాణం పోయిన మనిషి ఆవిడ. వెళ్ళిన ప్రతి ఇంట్లో వంటకి వంక పెడుతుందని బురుల్ ఆ పుస్తకాన్ని ఎవరికీ ఇచ్చేది కాదు. ఒక ఇల్లాలికి ఇంకో ఇల్లాలే నచ్చజెప్పగలదేమో అనిపించి, స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చింది. మిల్లావిడ చేతికర్ర పట్టుకుని దారంతా బురదని తిట్టుకుంటూ నడిచింది.

ఆదివారం మధ్యాహ్నం బురుల్ వెళ్ళేసరికి సల్కిన్ అపా ఆఖరి అధ్యాయం దగ్గరికి వచ్చేసింది. కళ్ళజోడు తీసి, పుస్తకం మూసింది.

మిల్లావిడ కర్రతో నేల తట్టింది. "మిగతాది?"

"రేపు చదువుదాం."

"నీ రేపు సంగతి నోటరీ చెప్పాడులే. ఎందుకు ఆపావో కూడా నాకు తెలుసు. ఆ రోజు నా బల్ల దగ్గర ఐదుగురు కూర్చున్నారు. ఇద్దరు కొడుకులు, కోడలు, చెల్లెలు, డాక్టరు. నువ్వు పేరు చెప్పనన్నాళ్ళూ ఐదుగురూ నన్ను చంపినట్టే. పెద్దాడు గుర్తొస్తే వీడేనా అనిపిస్తుంది. చెల్లెలు గుర్తొస్తే ఇదేనా అనిపిస్తుంది. ఒక్క పేరు చెప్పెయ్ తల్లీ. మిగతా నలుగురూ నాకు దక్కుతారు."

నోటరీ కప్పు కింద పెట్టి, "నాదీ అదే బాధ అమ్మా," అన్నాడు.

సల్కిన్ అపా కళ్ళజోడు పెట్టుకుంది. ముందు మిల్లావిడ చేతిలో రొట్టె పెట్టి, గొంతు సవరించుకుని చివరిదాకా చదివింది. చంపింది చిన్నకొడుకు.

మిల్లావిడ చేతికర్ర పక్కన పెట్టింది. "అయితే కోడలు కాదన్నమాట."

"కాదు."

"దాన్ని మనసులో ఎన్ని మాటలన్నాను," అంది మిల్లావిడ. రొట్టె తిని, ముఖం తుడుచుకుని, ఆ రోజు వంటని ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

తర్వాత పుస్తకం వెనక పుస్తకం వచ్చి అపా ఒళ్ళో పడింది. తమ్ముడి పేరు వినగానే నోటరీ భోరుమన్నాడు. ఆ వెంటనే, "మా ఆవిడ కాదు కదా? రోజూ టీలో చక్కెర కలిపేది అదే," అని మళ్ళీ మళ్ళీ అడిగి నిర్ధారించుకుని లేచాడు. పొద్దు వాలేసరికి గదిలో అతిథులు కూర్చున్న పరుపులే ఖాళీగా మిగిలాయి.

చినారా వంగి కప్పులు తీస్తోంది.

"అవి అక్కడ పెట్టు. ఇలా కూర్చో," అంది సల్కిన్ అపా. చినారా తడబడుతూ ఒక పరుపు చివర కూర్చుంది. "నిన్నొకటి అడగాలి. నువ్వు రొట్టెల బట్టీ మాట ఎత్తినప్పటి నుంచీ అడగాలనే ఉంది. భయమేసి అడగలేదు. నా కొడుకు లారీ తీసుకుని కొండ కనుమ దాటాడంటే నెలకి గానీ ఇంటికి రాడు. నీ చేతికి ఒక పనంటూ దొరికితే వాణ్ణి వదిలేసి పోతావా?"

అతిథులని ఇన్నాళ్ళు ఆపింది జాలి ఒక్కటే కాదని, వాళ్ళున్నంతకాలం కోడలు గడప దాటదన్న ఆశ కూడానని బురుల్‌కి అప్పుడర్థమైంది. తను పరాయిది, ఇక లేవాలి. కానీ జవాబు వినకుండా లేవడం ఆమె వల్ల కాలేదు.

"పోవాలనుకుంటే పనెందుకు అపా? బస్సెక్కితే చాలదా?" అంది చినారా. "నాకు పిండి పొంగడం చూస్తుంటే బాగుంటుంది. అందుకని అడిగాను."

"అంతేనా?"

"అంతే అపా. మీరు అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని."

సల్కిన్ అపా తలగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుంది.

"రేపు ఎన్నింటికి రమ్మన్నారు?"

"నాలుగింటికి. తెల్లారకుండానే బట్టీ వెలిగిస్తారు."

"ఆ చీకట్లో ఒక్కదానివే ఏం వెళ్తావు? అక్కడిదాకా నేనొస్తానులే."