చింతపండు మిషను కొత్తదేనా?

మదనపల్లెలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పేటెంట్లు వెతకడం నా పని. ఎవరైనా కొత్తది కనిపెట్టామని వస్తే, అది అంతకుముందే ఎక్కడైనా ఉందేమో వెతికి రిపోర్టు రాయాలి. చాలాసార్లు ఉంటుంది. స్టాఫ్ రూములో నా పేరు ‘ముందే ఉంది మేడం’. అనుకోనీ, నాకేం.

ఈసారి వచ్చిన ఫైలు నా భర్త హరీష్‌ది. కుప్పంలో లెక్చరరుగా చేస్తూ, చింతపండులో గింజ తీసే మిషను తయారుచేశాడు. పోయిన ఏడాది బైకు యాక్సిడెంటులో పోయాడు. ఆయన పేరు మీద పేటెంటుకు వేద్దామని తోటి లెక్చరరు ధనుంజయ పట్టుబట్టాడు. పుంగనూరులో మా అత్త గంగులమ్మకూ అదే ఆశ. కూలికి చింతపండు కొట్టి కొట్టి ఆమె వేళ్ళు వంకరపోయాయి. మిషను ఆమె కోసమే చేశాడు. కొడుకు పేరు గవర్నమెంటులో నిలబడితే చాలంటుంది.

అందరికీ వెతికినట్టే వెతికాను. మధ్యాహ్నం క్యారియరు విప్పేలోపే దొరికింది. కృష్ణగిరి మనిషి ఎవరో, చాలా ఏళ్ళ కిందటే పేటెంటు తీసుకున్నాడు. అదే రోలరు, అదే జల్లెడ. ఏడుపొస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. పెరుగన్నం తిన్నాను.

ధనుంజయకు ఫోన్ చేశాను.

“అది రిపోర్టులో రాయొద్దు మేడం. ఎవురు సూస్తారు?”

“నాకు దొరికింది ఆఫీసోళ్ళకు దొరకదా, ధనుంజయా?”

కోపం ఆయన మీద కాదు, హరీష్ మీద. ఇంట్లోనే నేనుండగా, మొదలుపెట్టే ముందు ఒక్క మాట అడగలేదు. “నీకు సూపిస్తే ముందే ఉందంటావు” అని నవ్వేవాడు.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాసి, సాయంత్రం పుంగనూరు బస్సెక్కాను. అత్త వాకిట్లో కూర్చుని ఉంది.

“ఏమ్మా, మావాని పేరు పడతాదా?”

“పడదత్తా. కృష్ణగిరిలో ఒకాయన ఎప్పుడో చేసేసినాడు. అచ్చం అదే మిషను.”

ఆమె ఆ మనిషిని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఆయప్ప బతికుండాడా?”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

“తెలీదత్తా.”

“కనుక్కోమ్మా. బతికుంటే నన్ను ఒకసారి ఆడికి పిలుసుకుపో. మావాని మాదిరే ఆలోచన చేసినోడు కదా, సూడాల.”