బయట ఉండిపోయినవి

కరిగిన మైనాన్ని గోనెసంచిలో పోసి, ఎల్లయ్య రెండు కర్రల మధ్య పెట్టి పిండుతున్నాడు. వేడికి చేతివేళ్ళు ఎర్రబడ్డాయి. తేనె ఆయుర్వేదం అంగడికి, మైనం నగల అచ్చులు పోసేవాళ్ళకి, మిగిలిన పిప్పి పొయ్యిలోకి. సర్జాపుర పక్కన శ్రీనివాసప్ప కానుగతోపులో తేనెపెట్టెలు పెట్టుకుని బతికినన్నాళ్ళూ అతని పద్ధతి అదే. తేనెటీగ ఇచ్చినదాంట్లో పారేసేది లేదు. ఈగ మీద ముద్దుముచ్చటా లేదు. ఇప్పుడు తోపుకు మూడువైపులా అపార్ట్‌మెంట్ల పునాదులు లేచాయి.

పోయిన నెల ఒక్క ఈగ కుట్టింది. ఎన్నోసార్లు కుట్టించుకున్న ఒళ్ళు ఈసారి ఒప్పుకోలేదు. ముఖం వాచి, ఊపిరాడక పడిపోయాడు. ఇంకొకటి కుడితే బతకడం కష్టమన్నాడు డాక్టరు. అందుకే పెట్టెలన్నీ కోలారు నాగరాజ్‌కి అమ్మేశాడు.

పెట్టె మూయాల్సింది పొద్దుగుంకాకే, మేతకు పోయినవన్నీ తిరిగొచ్చాకే. ఇవాళ నాగరాజ్ మాత్రం ఎండ ఉండగానే టెంపోతో వచ్చి పెట్టెల ద్వారాలకు ఇనుప జల్లెడ కొట్టించాడు.

“సగం బయటే ఉండాయి కదప్పా. ఒక గంట తాళు,” అన్నాడు ఎల్లయ్య దూరం నుంచే.

“రాత్రికి టమాటా లోడు ఉండాదన్నా. బయట తిరిగేవన్నీ ముసలివి, వారంలో రాలిపోతాయి. రాణి లోపలే ఉండాది. నువ్వేమో కూతుర్ని అత్తోరింటికి పంపేవాని మాదిరి నిలబడుకోనుండావు.”

లెక్కకు ఆ మాట తప్పు కాదు. కొనేవాడు తానైతే ఎల్లయ్యా అదే అనేవాడు. పెట్టెలతో టెంపో వెళ్ళిపోయింది.

కాసేపటికి అవి రావడం మొదలైంది. కాళ్ళకు పుప్పొడి ముద్దలతో వచ్చి, ద్వారం ఉండాల్సిన ఎత్తులోనే గాలిలో తిరిగాయి. అలసి, పెట్టెలు ఉండిన ఖాళీ రాళ్ళ మీద వాలాయి. చీకటి పడితే చీమల పాలే.

ఎల్లయ్య లేచాడు.

“యాడికి?” అంది భార్య నంజమ్మ. “డాక్టరు చెప్పింది మరిచిపోతివా? ముసలి ఈగల కోసరం సస్తావా?”

“ముసలివే. అయినా మోసుకోనొచ్చినాయి కదే. నువ్వు పొయ్యి చూడు.”

కొట్టంలోంచి విరిగిన పెట్టె ఒకటి తెచ్చి, అందులో పాత తేనెపట్టు నిలబెట్టాడు. రాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గుంపులు గుంపులుగా ఈగల్ని వేళ్ళతో లోపలికి తోశాడు. ఒకటి చొక్కా మెడలోకి దూరింది. అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మిగిలినవాటినీ తోసి, మూత పెట్టి, కానుగ మానుకు ఆనుకుని కూర్చున్నాడు.

మైనం గట్టిపడ్డాక నంజమ్మ పిలిచింది. అతను పలకలేదు.

మరునాడు అతన్ని మోసుకుపోయాక, రాళ్ళ పక్కన విరిగిన పెట్టె అలాగే ఉంది. లోపల రాణి లేదు. అయినా దాని కంతలోంచి ఒక ఈగ బయటికొచ్చి, పూల వైపు పోయి, కాసేపటికి మళ్ళీ దానిలోకే వచ్చింది.