గెలుపు రాయని ఆట

మహిత వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగానే, ఆమె ఏం నేర్చుకోవాలో హాల్లో కూర్చున్నవాళ్లు తేల్చేస్తున్నారు. నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ గేములు తయారుచేయడం నేర్పుతారు. బొమ్మలు గీయడమా, తయారైన ఆటలో తప్పులు పట్టడమా, కోడింగా, ఏదో ఒకటి ఎంచుకుని సాయంత్రంలోగా చెప్పమన్నారు అక్కడివాళ్లు. అత్త ప్రభావతి బొమ్మలకే ఓటేసింది. ముగ్గులు తిరిగిన చెయ్యి కదా, పైగా ఇంట్లోనే కూర్చుని కుక్కర్ విజిల్ వింటూ గీసుకోవచ్చట! భర్త శశాంక్ మాత్రం తప్పులు పట్టడమే నయమన్నాడు. అది ఆమెకు పుట్టుకతోనే వచ్చిన విద్యట. ఆ మాటకు తల్లీ కొడుకూ కలిసి నవ్వుకున్నారు.

తనకు కోడింగ్ మీద మనసుందని మహిత వంటింట్లోంచే అంది.

"కోడింగ్ అంటే నెత్తినొప్పి పని. ఇల్లు, పాప, వీటి నడుమల అది నీతోని అయితదా? జర ఆలోచించు," అన్నాడు శశాంక్.

అయితదా! పెళ్లయిన కొత్తలో అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు చేరమన్నదీ వీళ్లే, పాప పుట్టగానే మానుకోమన్నదీ వీళ్లే. కంప్యూటర్స్‌లో డిగ్రీ చేసిందన్న సంగతి చుట్టాల ముందు చెప్పుకోవడానికి తప్ప ఎవరికీ గుర్తుండదు. ఆటలో అరటిపండు బతుకైపోయింది. అందరితో పాటు పరుగెత్తుతూనే ఉంటుంది, లెక్కలోకి మాత్రం రాదు. పోనీ, అన్నవాళ్లు అననీ అనుకుంటే, నిజంగానే తనకు చేతకాదేమోనన్న భయం ఈ మధ్య తనకే పట్టుకుంది. వాళ్లమీద కన్నా, ఆ మాట నమ్మడం మొదలుపెట్టిన తనమీదే ఆమెకు ఎక్కువ కోపం.

మధ్యాహ్నాలు పాపను పడుకోబెట్టి, ఫోన్లో కోడింగ్ పాఠాలు చూసి ఆమె ఒక చిన్న ఆట తయారుచేసింది. ఇప్పటిదాకా ఎవరికీ చూపించలేదు. చిక్కుడుకాయల చాట చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చి, ఫోన్ శశాంక్ చేతిలో పెట్టింది.

ఆట చిన్నదే. ఒక వంటిల్లు, ఒక మనిషి. పాలు పొంగుతాయి, బెల్లు మోగుతుంది, పాప ఏడుస్తుంది. దేన్ని ముందు ముట్టుకోవాలో చూసుకుని వేలు పెట్టాలి. శశాంక్ మొదట నవ్వుతూ ఆడాడు. తర్వాత ముందుకు వంగి ఆడాడు. పాలు దించేలోపు బెల్లు, బెల్లు చూసేలోపు ఏడుపు. చివరికి విసుగొచ్చి ఫోన్ సోఫాలో పడేశాడు.

"ఇదేం ఆట? ఎంత చేసినా ఇంకోటి వస్తనే ఉన్నది. గెలిచేది ఎప్పుడు?"

మహిత సోఫాలోంచి ఫోన్ తీసుకుంది. "గెలుపు నేను రాయనే లేదు," అంది. పాలు పొంగితే ఏం కావాలో రాసింది, పాప ఏడుపు ఆపకపోతే ఏం కావాలో రాసింది. ఓడిపోవడాన్ని ఎన్ని రకాలుగానో రాసింది. పని అయిపోవడం, ఆ మనిషి ఓ చోట కూర్చోవడం అనేది ఒకటుంటుందని ఆమెకు తట్టనే లేదు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"గెలుపు రాయడమే మర్చిపోయినవ్. ఇందుకే కోడింగ్ నీతోని కాదన్న," అన్నాడు శశాంక్.

బొమ్మలు నేర్చుకుంటే ఆటలోని వంటింటి గోడలకు మంచి రంగు వేయగలదు. తప్పులు పట్టడం నేర్చుకుంటే తప్పుందని చెప్పగలదు. అంతకు మించి ఏమీ మారదు. ఆమె కళ్లు తుడుచుకుని, చాటను తీసుకెళ్లి మొగుడి ఒళ్లో పెట్టింది. సగం కాయలకు ఈనెలు ఇంకా తీయాలి.

ఆమె గుమ్మం దాటుతుంటే, "మరి కూర?" అంది ప్రభావతి.

"కోడింగ్‌ల చేరుతున్న అత్తమ్మా," అంది మహిత చెప్పులేసుకుంటూ. "గెలుపు రాసుడు నాకు వచ్చేదాంక ఈ ఆట ఆయన ఆడుతడు."